గుండెపోటును ముందే ఆపవచ్చునా? – డాక్టర్ సలీం యూసుఫ్ పరిశోధనా జీవితం

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



గుండె జబ్బు అనగానే చందాపుర వాసులకు పక్కనే ఉన్న బొమ్మసంద్రలోని నారాయణ హృదయాలయ గుర్తుకు వస్తుంది. దేశం నలుమూలల నుంచి రోగులు అక్కడికి వస్తూ ఉంటారు. పాడైన గుండెను బాగుచేసే విద్య అది. కాని ఆ మనిషికి అసలు ఆ జబ్బు ఎందుకు వచ్చింది, రాకుండా ఆపడం సాధ్యమా అని అన్వేషించే విద్య మరొకటి ఉన్నది. దానికి ఓర్పు, లెక్క, సత్యనిష్ఠ కావాలి. ఆ విద్యలో ప్రపంచ ప్రఖ్యాతి గడించిన ఒక శాస్త్రజ్ఞుడు, ఇదే హోసూరు రోడ్డు మీదుగా నగరం వైపు వెళితే వచ్చే కోరమంగలలోని సెయింట్ జాన్స్ వైద్య కళాశాలలో చదువుకొన్నారు. ఆయనే డాక్టర్ సలీం యూసుఫ్.

యూసుఫ్ 1952లో కేరళలోని కొట్టారక్కరలో జన్మించారు. బెంగళూరులో వైద్య విద్య ముగించి, 1976లో రోడ్స్ విద్యార్థి వేతనంపై ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. అక్కడ హృద్రోగ నిపుణుడు పీటర్ స్లైట్, గణాంక శాస్త్రవేత్త రిచర్డ్ పీటోల సాహచర్యం లభించింది. ఒక వైద్యుడు, ఒక గణాంక వేత్త సరసన ఈ యువకుడు చేరడం హృద్రోగ వైద్యాన్నే మలుపు తిప్పింది.

ఆ మలుపు ఎటువంటిదో ఒక చిన్న లెక్కతో గ్రహించవచ్చు. గుండెపోటు వచ్చిన వందమందిలో పదిమంది మరణిస్తున్నారనుకొందాం. ఒక మందు ఇస్తే ఎనిమిదిమందే మరణించారు. ఆ ఇద్దరినీ కాపాడింది మందా, లేక కాకతాళీయమా? ఒక్క ఆసుపత్రిలోని కొద్దిమంది రోగులను చూసి చెప్పడం అసాధ్యం. వేలమందిని పరీక్షించాలి. ఎవరికి మందు, ఎవరికి ఉత్తి మాత్ర అన్నది వైద్యుని ఇష్టానికి వదలక, చీటీలు తీసినట్లు నిర్ణయించాలి. అలా చేసినప్పుడే రెండు వర్గాలూ సమానంగా ఉంటాయి. వేలమంది వైద్యులు పాలుపంచుకోవాలంటే పద్ధతి సులభంగా ఉండాలి. యూసుఫ్, రోరీ కాలిన్స్, రిచర్డ్ పీటో కలిసి 1984లో ప్రకటించిన వ్యాసంలోని వాదన ఇదే: ప్రశ్న సరళంగా ఉండాలి, పరీక్ష విస్తారంగా ఉండాలి.

ఈ ఆలోచన నుంచి పుట్టినవే ‘ఐసిస్’ అనే పరీక్షలు. వాటికి పునాది వేసినవారిలో యూసుఫ్ ఒకరు. 1988లో వెలువడిన రెండవ ఐసిస్ పరీక్షలో 417 ఆసుపత్రులకు చెందిన 17,187 మంది రోగులు పాల్గొన్నారు. గుండెపోటు వచ్చిన కొద్ది గంటలలో రక్తపు గడ్డను కరిగించే స్ట్రెప్టోకైనేజ్, దానితోపాటు చవకైన ఆస్పిరిన్ ఇస్తే ఫలితం ఏమిటన్నది ప్రశ్న. రెండూ అందనివారిలో ఐదు వారాలలో గుండె, రక్తనాళాల కారణంగా మరణించినవారు నూటికి 13 మంది. రెండూ అందినవారిలో 8 మంది మాత్రమే. తలనొప్పికి వాడే సామాన్యమైన మాత్ర ప్రాణాలు నిలుపుతుందని లోకానికి నిస్సందేహంగా తెలిసింది.

1984లో యూసుఫ్ అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో చేరారు. 1992లో కెనడాలోని హామిల్టన్ నగరానికి వెళ్ళి మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయాన్ని తన కార్యక్షేత్రం చేసుకొన్నారు. అక్కడ ఆయన నాయకత్వంలో సాగిన ‘హోప్’ పరీక్ష ఫలితాలు 2000లో వెలువడ్డాయి. తొమ్మిది వేలకు పైగా రోగులపై రెండు విషయాలు ఒకేసారి పరీక్షించారు. రామిప్రిల్ అనే మందు గుండెపోటు, పక్షవాతం, హృదయ సంబంధ మరణాలను అయిదవ వంతుకు పైగా తగ్గించింది. ఆనాడు ఎందరో నమ్మిన విటమిన్ ‘ఇ’ మాత్రం ఏ మేలూ చేయలేదు. మందు పనిచేసిందన్న ఫలితాన్ని ఎంత స్పష్టంగా ప్రకటించారో, విటమిన్ పనిచేయలేదన్న ఫలితాన్నీ అంతే స్పష్టంగా ప్రకటించారు. శాస్త్రజ్ఞుని శీలం ఇక్కడే తెలుస్తుంది.

విదేశంలో స్థిరపడినా యూసుఫ్ బెంగళూరును మరువలేదు. సెయింట్ జాన్స్‌లోని డాక్టర్ ప్రేమ్ పాయిస్ మొదలైనవారితో కలిసి, ఈ నగరంలో తొలిసారి గుండెపోటు వచ్చిన 200 మందిని, అదే వయసు గల మరో 200 మందిని పోల్చి చూశారు. 1996లో వెలువడిన ఆ అధ్యయనంలో పొగ తాగడం అతి ప్రధానమైన కారణంగా తేలింది. రక్తపోటు, మధుమేహం, పొట్ట చుట్టూ చేరిన కొవ్వు తరువాతి స్థానాలలో నిలిచాయి.

నాలుగు వందలమందితో అడిగిన ఆ ప్రశ్ననే తరువాత ప్రపంచమంతటా అడిగారు. 52 దేశాలలో దాదాపు ముప్పై వేలమందితో సాగిన ఆ అధ్యయనం పేరు ‘ఇంటర్‌హార్ట్’. గుండెపోట్లలో సగానికి కారణం తెలియదని అంతవరకు తరచుగా చెప్పేవారు. 2004లో వెలువడిన ఫలితాలు ఆ మాటను తోసిపుచ్చాయి. పొగాకు, రక్తంలో చెడు కొవ్వు, అధిక రక్తపోటు, మధుమేహం, పొట్ట కొవ్వు, మానసిక ఒత్తిడి, పండ్లు కూరగాయలు తినకపోవడం, శారీరక శ్రమ లేకపోవడం, మద్యపానపు అలవాటు – ఈ తొమ్మిదింటి లెక్కతోనే పురుషులలో నూటికి 90 పాళ్ళు, స్త్రీలలో 94 పాళ్ళు ముప్పును వివరించవచ్చునని తేలింది. అన్ని దేశాలలోను కారణాలు ఇంచుమించు ఒకటే.

అదే అధ్యయనంలో భారత ఉపఖండానికి సంబంధించిన మరొక సత్యం బయటపడింది. ఇతర ప్రాంతాలలో తొలి గుండెపోటు వచ్చినవారి మధ్యస్థ వయసు సుమారు 59 ఏళ్ళు కాగా, ఇక్కడ 53 ఏళ్ళు. అంటే బాధితులలో సగంమంది అంతకంటె చిన్నవారే. ఆ వయసుకు ఇంటి పెద్దకు ఉద్యోగ విరమణ కాదు. పిల్లల చదువులు పూర్తికావు. ఇంటి అప్పు తీరదు. కాబట్టి ఈ ఆరేళ్ళ తేడా ఒక విద్యార్థి చదువు కొనసాగడమా, ఆగిపోవడమా అన్నంత పెద్దది.

మన దేశంలోని ఆసుపత్రులలో చేరిన ఇరవై వేలకు పైగా రోగులను పరిశీలించి, 2008లో ప్రకటించిన ‘క్రియేట్’ అధ్యయనంలోనూ యూసుఫ్ భాగస్వామి. నెల రోజులలో పేదలలో నూటికి ఎనిమిదిమందికి పైగా మరణిస్తే, ధనికులలో ఐదారుగురు మరణించారు. అందిన చికిత్సలోని తేడాను లెక్కలోకి తీసుకొన్నప్పుడు ఈ వ్యత్యాసం మాయమైంది. పేదవాని గుండె వేరు కాదు, అతనికి అందిన వైద్యమే వేరు.

‘ప్యూర్’ అనే మహా అధ్యయనం ఈ విషయాన్నే మరింత విస్తరించింది. 17 దేశాలలో లక్షన్నరకు పైగా ప్రజలను పరిశీలించి 2011లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, గుండె జబ్బో పక్షవాతమో వచ్చిన తరువాత కూడా పేద దేశాలలో నూటికి 80 మంది అవసరమైన మందులలో ఒక్కటీ వాడడం లేదు. అవి చాలావరకు పాత మందులే, చవకైనవే.

అందుకే నాలుగైదు మందులను ఒకే మాత్రలో చేర్చే మార్గాన్ని యూసుఫ్ బృందం పరీక్షించింది. దీనికి సెయింట్ జాన్స్ ముఖ్య కేంద్రమైంది. భారతదేశంలో 2,053 మందితో జరిగిన తొలి పరీక్ష 2009లో వెలువడింది. ఆ తరువాత భారతదేశం, ఫిలిప్పీన్స్ మొదలైన దేశాలలో 5,713 మందితో జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 2020లో ప్రకటితమయ్యాయి. సంయుక్త మాత్రతోపాటు ఆస్పిరిన్ తీసుకొన్నవారిలో గుండెపోటు, పక్షవాతం వంటి ఆపదలు సుమారు మూడవ వంతు తగ్గాయి. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇటువంటి సంయుక్త మాత్రలను అత్యవసర ఔషధాల పట్టికలో చేర్చింది. ఇవి వైద్యుని సలహాపైనే వాడవలసినవని వేరే చెప్పనక్కరలేదు.

యూసుఫ్ మాటలన్నింటినీ తోటి శాస్త్రజ్ఞులు తలవంచి అంగీకరించలేదు. ఉప్పు, కొవ్వుల విషయంలో ప్యూర్ ఫలితాలపై తీవ్రమైన వాదోపవాదాలు జరిగాయి. రోజుకు ఐదు గ్రాముల లోపు ఉప్పు అన్న తన సూచనను ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్చుకోలేదు. ఎంత గొప్పవాని మాటనైనా ఆధారం అడిగి స్వీకరించడమే విజ్ఞాన మర్యాద. ఆ మర్యాదను విద్యార్థికి నేర్పవలసినది పాఠశాల.

ఈ జీవితం నుంచి ఇళ్ళకు తీసుకొనిపోవలసినవి కొన్ని ఉన్నాయి. పొగాకు చేతికి అందే వయసు బడి వయసే. కాబట్టి గుండె రక్షణ యాభైలలో కాక పదిహేనులో మొదలవుతుంది. పిల్లల ఆటల పీరియడ్‌ను పరీక్షల పేరిట హరించరాదు. కర్మాగారంలో రాత్రి షిఫ్టు చేసే తండ్రి, ఇంటి పనిలో తన్ను తాను మరచే తల్లి ఏడాదికొకసారైనా రక్తపోటు, చక్కెర చూపించుకోవాలి. బాగానే ఉన్నదని మందు మానివేయరాదు. గుండెలో నొప్పి వచ్చినప్పుడు తెల్లవారనీ అని ఎదురుచూడక తక్షణమే ఆసుపత్రికి వెళ్ళాలి.

డెబ్బది అయిదేళ్ళుగా ఈ బడి అక్షరాలు నేర్పుతున్నది, లెక్కలు నేర్పుతున్నది. వందమందిలో పదిమంది, ఎనిమిదిమంది అన్న లెక్క ఐదవ తరగతి పిల్లవానికి కూడా వస్తుంది. ఆ తేడా నిజమా, కాకతాళీయమా అని అడగడం నేర్పితే, రేపటి పరిశోధకుడు ఈ బల్లల మీది నుంచే లేచి రావచ్చు.

స్వస్తి.