సోల్ఫెరీనో యుద్ధభూమిలో ఒక వ్యాపారి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఈ గ్రామమునకు వెలుగు నిచ్చుచున్న ఈ గ్రంథాలయమున నన్ను నాలుగు మాటలు చెప్పుమని కోరితిరి. పుస్తకపఠనము వలని లాభములను గూర్చి పెద్దలు పలుమారులు చెప్పియే యున్నారు. ఒక వ్యాపారి యుద్ధభూమికి పోయి ఏమి చూచెనో, చూచినదానిని పుస్తకముగా వ్రాయగా ఏమి జరిగెనో, ఆ వృత్తాంతమును మాత్రమే నేడు మనవి చేసెదను.

అది 1859వ సంవత్సరము, జూన్ నెల 24వ తేదీ. ఉత్తర ఇటలీలో సోల్ఫెరీనో అను గ్రామము చుట్టును ఘోరయుద్ధము జరిగెను. ఒక ప్రక్క ఫ్రెంచి చక్రవర్తి మూడవ నెపోలియనును, సార్డీనియా రాజును. రెండవ ప్రక్క ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫు. ఇరుపక్షముల సైనికులును కలిసి రెండు లక్షలకు పైబడియుండిరి. తెల్లవారుజామున మొదలైన పోరు సాయంకాలమునకు గాని ముగియలేదు. చనిపోయినవారు, గాయపడినవారు, కానరాకపోయినవారు కలిసి సుమారు 40,000 మంది.

ఆ సమయముననే, సమీపమందలి కాస్తిలియోనే పట్టణమునకు హెన్రీ డ్యూనాంట్ అను పరదేశి వచ్చియుండెను. ఆయన జెనీవా నగరవాసి. వయస్సు 31 సంవత్సరములు. సైనికుడు కాడు, వైద్యుడును కాడు. అల్జీరియాలో పిండిమరల వ్యాపారము పెట్టి, భూమికిని నీటికిని అనుమతి దొరకక, అధికారుల చుట్టును తిరిగి విసిగి, చక్రవర్తితోనే మొర పెట్టుకొందమని బయలుదేరెను. కచేరీల చుట్టును తిరిగిన అనుభవము గలవారికి ఆయన అవస్థ వేరుగ చెప్పనక్కఱలేదు.

యుద్ధమనగానే మనకు భీమార్జునుల పరాక్రమము, నాటకములలోని పద్యములు జ్ఞప్తికి వచ్చును. డ్యూనాంటునకు కనబడినది అది కాదు. గాయపడినవారిని మోసికొనుచు బండ్లు వరుసగా వచ్చుచుండెను. వీథులు, ముంగిళ్లు, చర్చీలు అన్నియు నిండిపోయెను. ఒక్క పెద్దచర్చిలోనే సుమారు 500 మంది గడ్డిమీద పడియుండిరి. ఎచ్చట విన్నను దాహము, దాహమను కేకలే.

ఆయన ముఖ్యముగ గమనించిన దొకటి కలదు. ఆ ఊర నీరు లేకపోలేదు. ఐనను మనుష్యులు దాహముతో చచ్చుచుండిరి. గాయములు కట్టుటకు గుడ్డలుండెను. కట్టు చేతులు లేవు. లోపించినది వస్తువులు కాదు, ముందుగా సిద్ధపడిన మనుష్యులు.

యుద్ధము ముగిసిన మఱునాడు శత్రుసేన తిరిగి వచ్చుచున్నదని ఒక వదంతి పుట్టెను. జనులు తలుపులు బిగించుకొనిరి. ఇండ్లపై నెగురవేసిన ఫ్రెంచి జెండాలను తొలగించిరి. కొంతసేపటికి అది వట్టి వదంతియని తేలెను. భయమునకు లోబడిన జనులను మనము పరిహసింపరాదు. మన ఊర జరిగినను మన మట్లే చేసియుందుము. అయితే ఆ ఊరి స్త్రీలే పిమ్మట చర్చిలో ప్రవేశించి, డ్యూనాంటు ఏ దేశపువాడను భేదము లేక అందఱికిని సేవ చేయుట చూచి, తామును అట్లే చేసిరి. అందఱును సోదరులే యని వారు తమ భాషలో అనుకొనుచుండిరట. పిల్లలు బిందెలతో నీరు తెచ్చిరి. డ్యూనాంటు తన బండివానిని బ్రెషియా నగరమునకు పంపి గుడ్డలు, నిమ్మపండ్లు, పంచదార, పొగాకు తెప్పించెను. మరణశయ్యపై నున్నవారి ప్రక్కన కూర్చుండి, వారి తల్లిదండ్రులకు జాబులు వ్రాసియిచ్చెను.

ఇంటికి పోయినను ఆ దృశ్యము ఆయనను విడువలేదు. 1862లో సోల్ఫెరీనో జ్ఞాపకములను చిన్నపుస్తకముగా వ్రాసి, స్వంతఖర్చుతో 1,600 ప్రతులు అచ్చువేయించి, అమ్మక, పెద్దలకు పంపెను. అందు ఆయన కోరినవి రెండు: శాంతికాలమందే ప్రతిదేశమునను సేవకసంఘములు ఏర్పడవలెను; గాయపడినవారిని కాపాడుటకు రాజ్యములన్నియు ఒక నియమమున కొడంబడవలెను. 1863లో జెనీవాలో ఐదుగురి సంఘ మేర్పడెను. 1864 ఆగస్టు 22న 12 రాజ్యములు మొదటి జెనీవా ఒడంబడికను అంగీకరించెను. రెడ్‌క్రాసు ఇట్లు పుట్టినది. మనదేశమున అది 1920లో చట్టము ద్వారా స్థాపితమయ్యెను.

డ్యూనాంటు మాత్రము 1867లో దివాలా తీసి, బహుకాలము పేదరికమున మఱుగుపడి బ్రతికెను. 1901లో మొదటి నోబెల్ శాంతిబహుమానమును ఫ్రెడరిక్ పాసీతో కలిసి పొంది, 1910లో ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో కన్నుమూసెను.

చంపుటయే పనియైనచోట నియమమేమని కొందఱడుగుదురు. నేటికిని యుద్ధములలో ఆసుపత్రులపై గుండ్లు పడుచునే యున్నవి. నిజమే. కాని కురుక్షేత్రమున ముందుగా ఏర్పరచుకొన్న యుద్ధనియమములు ఉన్నందుననే గదా, అభిమన్యుని పదిమంది చుట్టుముట్టి చంపుటను మనము నేటికిని అధర్మమనుచున్నాము? నియమము లేనిచో అది కేవలము గెలుపు అనిపించుకొనెడిది. నియమము భగ్నమైనను, తప్పును తప్పని చెప్పుటకు లోకమునకు ఒక నోరు మిగులును.

సోదరులారా! మన ఊరికి యుద్ధము రాకపోవచ్చును. తుపాను రావచ్చును, వరద రావచ్చును, అర్ధరాత్రమున ఒక తల్లికి ప్రసవసమయమున రక్తము కావలసి రావచ్చును. ఆనాడు మనకు చేతులు చాలునా? ఈ గ్రంథాలయపు బల్లమీద నేటినుండి ఒక నోటుపుస్తకము నుంచుడు. రక్తమీయగల యువకులు, యువతులు తమ పేరును, రక్తపువర్గమును అందు వ్రాయుడు. ప్రథమచికిత్స నేర్చుకొనువారు వేఱొక పుటలో వ్రాయుడు. మొదటి పేరు నేనే వ్రాసెదను.

డ్యూనాంటు పుస్తకమును చదివి ఊరకుండినవారెందఱో యుందురు. లేచి నడచినవారు కొందఱే. ఆ కొందఱివలననే అది గొప్ప పుస్తకమయ్యెను. ఈ గ్రంథాలయమును అట్టి కొందఱిని పెంచుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.