యజమానీ తానే, తనిఖీదారూ తానే



ఈ స్మారకోపన్యాసం ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడి పేరు మీద జరుగుతోంది. ప్రయోగశాలలో ఒక విద్యార్థి రాసిన అంకెను ఇంకొకరి చేత మళ్లీ కొలిపించందే ఆయన సంతకం పెట్టేవారు కాదని శిష్యులు చెబుతారు. అందుకే ఈ ఏడు ఒక కర్మాగారం చరిత్ర చెప్పదలచుకున్నాను. అక్కడ కొలిచేది ఎవరు, ఆ కొలతను సరిచూసేది ఎవరు అన్న ప్రశ్నకు జవాబు దొరకడానికి అరవై ఏళ్లు పట్టింది.

ఇంగ్లండు వాయవ్య తీరంలో, ఐరిష్ సముద్రం ఒడ్డున ఉంది సెల్లాఫీల్డ్. 1981 దాకా దాని పేరు విండ్‌స్కేల్. రియాక్టర్లలో వాడేసిన ఇంధనాన్ని తెచ్చి, ముక్కలుగా కోసి, నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, యురేనియం, ప్లుటోనియం వేరుచేసిన చోటు అది. రియాక్టరులో ఉన్నంతసేపూ విషమంతా లోహపు తొడుగులో బందీగా ఉంటుంది. పునఃశుద్ధి అనే ఈ పనిలో ఆ తొడుగును మనమే కోసి, లోపలిదాన్ని ద్రవంగా మార్చి, గొట్టాల్లో నడిపిస్తాం. మిగిలిన వ్యర్థ ద్రవం తనంతట తానే వేడెక్కుతూ ఉంటుంది. ఏళ్ల తరబడి చల్లబరుస్తూనే ఉండాలి. అందుకే ఇక్కడి ప్రమాదం చప్పుడు లేకుండా వస్తుంది.

ఇదంతా బాంబు కోసం మొదలైంది. 1957 అక్టోబరు 10న అక్కడి ఒకటో నంబరు రియాక్టరు అంటుకుంది. ఆ పొగ పారిన మేర దాదాపు 500 చదరపు కిలోమీటర్లలో పాలు వాడకుండా పారబోయించారు. విచారణ సంఘానికి అధ్యక్షుడు సర్ విలియం పెన్నీ. గొప్ప శాస్త్రవేత్త, సందేహం లేదు. కానీ ఆయన ఆ కర్మాగారాన్ని నడిపే అణుశక్తి ప్రాధికార సంస్థ మనిషే. ఆయన నివేదికనైనా పూర్తిగా బయటపెట్టడానికి ప్రధాని మాక్‌మిలన్ ఒప్పుకోలేదు. జనం దాన్ని చదివింది 1988లో.

ఆ మంట వెలుగులోనే 1959లో అణు కర్మాగారాలకు లైసెన్సు చట్టం వచ్చింది. దాన్ని అమలు చేయడానికి అణు తనిఖీ శాఖ ఏర్పడింది. చిత్రమేమిటంటే, ఆ చట్టం అణుశక్తి ప్రాధికార సంస్థకు వర్తించదు. విండ్‌స్కేల్ వల్ల పుట్టిన చట్టం విండ్‌స్కేల్ గేటు దగ్గరే ఆగిపోయింది. 1971లో కర్మాగారం బీఎన్‌ఎఫ్‌ఎల్ అనే కంపెనీ చేతికి వెళ్లాకే అది లైసెన్సు కిందికి వచ్చింది. ఆ కంపెనీ యజమాని మళ్లీ ప్రభుత్వమే.

మూడేళ్లు తిరగకుండానే, 1973 సెప్టెంబరులో, బీ204 అనే భవనంలో ఒక పాత్ర అడుగున పేరుకున్న మడ్డి వేడెక్కి ఉండగా ద్రావణం తగిలింది. రేడియోధార్మిక రుథేనియం భవనంలోకి తన్నుకొచ్చి 35 మంది సిబ్బందికి అంటింది. ఆ విభాగం మళ్లీ తెరుచుకోలేదు.

1976 అక్టోబరులో వ్యర్థాలు నిల్వచేసే ఒక గోదాము నుంచి కలుషిత నీరు నేలలోకి కారుతున్నట్టు బయటపడింది. ఇంధన మంత్రి టోనీ బెన్‌కు ఆ సంగతి చెప్పింది డిసెంబరులో. సరిగ్గా అప్పుడే, థార్ప్ అనే కొత్త భారీ పునఃశుద్ధి ప్లాంటుకు అనుమతి ఇవ్వాలా వద్దా అన్న చర్చ నడుస్తోంది. మరుసటి ఏడు జస్టిస్ పార్కర్ వంద రోజుల బహిరంగ విచారణ జరిపి అనుమతికే సిఫారసు చేశారు. ఆ తీర్పు మీద ఎవరి అభిప్రాయం వారిది. కానీ నడిపేవాడు అధికారికంగా ప్రశ్నలకు జవాబు చెప్పాడు, ఆ జవాబు ఊరందరి ముందూ నమోదైంది.

1983లో రేడియోధార్మిక మడ్డి సముద్రంలోకి వెళ్లింది. తీరం వెంబడి జనాన్ని నెలల పాటు దూరంగా ఉండమన్నారు. 1985లో కోర్టు వేసిన జరిమానా పదివేల పౌండ్లు. అంత పెద్ద కంపెనీకి అదొక లెక్కా?

1999 నాటి వ్యవహారం మన అధ్యాపకుడు వింటే ఎంత నొచ్చుకునేవారో. జపాన్ కోసం తయారవుతున్న ఇంధన గుళికల్లో కొన్నిటిని తీసి, వ్యాసం కొలిచి, అంకె రాయాలి. విసుగుపుట్టించే పని. కొందరు కార్మికులు కొలవడం మానేసి పాత పట్టీల్లోని అంకెల్నే కొత్త పట్టీల్లోకి ఎక్కించారు. 2000 ఫిబ్రవరిలో తనిఖీ శాఖ నివేదిక వెలువడింది; కంపెనీ ముఖ్య కార్యనిర్వహణాధికారి రాజీనామా చేశారు. జపాన్‌లోని తకహామాకు చేరిన ఇంధనం మళ్లీ ఓడెక్కి 2002లో వెనక్కి వచ్చింది.

ఇక 2005. థార్ప్‌లో, మనిషి అడుగుపెట్టలేని కాంక్రీటు గదిలో, ఎంత పదార్థం వచ్చిందో తూచడానికి తొట్లను వేలాడదీశారు. తొట్టి ఊగుతూ ఉంటే దానికి అతికిన గొట్టం అలసి చిట్లింది. కారడం 2004 వేసవిలోనే మొదలై ఉండొచ్చని, 2005 జనవరి ప్రాంతంలో గొట్టం పూర్తిగా తెగిందని విచారణలో తేలింది. ఏప్రిల్‌లో కెమెరా దించి చూసేసరికి నేల మీద 83 ఘనమీటర్ల ఆమ్ల ద్రవం. అందులో దాదాపు 20 టన్నుల యురేనియం, 160 కిలోల ప్లుటోనియం. స్టీలు తాపడం ఉన్న గది కాబట్టి అంతా లోపలే నిలిచింది. ఎవరికీ హాని జరగలేదు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయని సామెత. ఇక్కడ కుక్కలు ముందునుంచీ మొరుగుతూనే ఉన్నాయి. గుంటలోంచి తీసిన నమూనాలో యురేనియం కనిపించింది, మట్టం చూపే పరికరాలు తేడా చూపాయి. అలారాలకు అలవాటుపడ్డ చెవులకు అవి సోకలేదు. చివరకు అనుమానం రేపింది పదార్థం లెక్కల్లో వచ్చిన తేడా. లైసెన్సు షరతులు మూడింటిని ఉల్లంఘించినందుకు 2006లో ఐదు లక్షల పౌండ్ల జరిమానా పడింది.

1985 నాటి పదివేలకూ ఈ ఐదు లక్షలకూ మధ్య మారింది డబ్బు విలువ ఒక్కటే అనుకోకండి. తనిఖీ శాఖ షరతులు రాసుకుంది, నివేదికలు అచ్చువేసింది, ప్రభుత్వ సంస్థను కోర్టుకు ఈడ్చింది. 2014లో అణు నియంత్రణ కార్యాలయం పేరుతో చట్టబద్ధమైన స్వతంత్ర సంస్థ అయింది. థార్ప్ 2018లో, మిగిలిన పునఃశుద్ధి 2022లో ఆగిపోయాయి. శుభ్రంచేసే పని శతాబ్దం దాటుతుంది. అయినా నిఘా సడలలేదు: సైబరు భద్రతలో లోపాలకు 2024లో మళ్లీ జరిమానా పడింది.

మనకు ఇది పరాయి కథ కాదు. మన అణుశక్తి నియంత్రణ మండలి 1983లో కార్యనిర్వాహక ఉత్తర్వుతో ఏర్పడింది. అది జవాబుదారీ అయింది అణుశక్తి సంఘానికి. ఆ సంఘానికి అధ్యక్షుడు అణుశక్తి శాఖ కార్యదర్శే. 2000లో భాభా అణు పరిశోధన కేంద్రం సదుపాయాలను మండలి పరిధి నుంచి తప్పించి, ఆ పరిశోధన కేంద్రం సొంత భద్రతా సంఘానికే అప్పగించారు. 2003 జనవరిలో, ఆ పరిశోధన కేంద్రమే నడిపే కల్పాక్కం పునఃశుద్ధి ప్లాంటులో ఒక వాల్వు పనిచేయక, తక్కువ తీవ్రత ఉండాల్సిన ట్యాంకులోకి అధిక తీవ్రత వ్యర్థం చేరింది. ఆరుగురు సిబ్బంది పరిమితికి మించి రేడియేషన్‌కు గురయ్యారు. నియంత్రణ సంస్థకు చట్టబద్ధత కల్పిస్తామన్న 2011 బిల్లు మురిగిపోయింది. మండలి బలహీనతను కాగ్ 2012లో ఎత్తిచూపింది.

మన శాస్త్రవేత్తల నిజాయతీని నేను శంకించడం లేదు. పెన్నీ నిజాయతీనీ శంకించలేదు. మంచివాళ్లు నడిపినా, ప్రభుత్వమే యజమాని అయిన చోట తనిఖీదారు జీతం, పదవి, పదోన్నతి ఆ యజమాని చేతిలో ఉండకూడదు. ప్లాంటును ఆపమనే అధికారం అతనికి ఉండాలి. అతను రాసింది ముప్పై ఏళ్లకు కాక ఆ ఏడాదే మనం చదవగలగాలి. ఏ ప్రభుత్వం ఏ చట్టం తెచ్చినా ఈ మూడింటినీ అందులో వెతకండి. లేకపోతే అడగండి. అడగడానికి అణుభౌతికశాస్త్రం తెలిసి ఉండనక్కర్లేదు.