ఊళ్లో చదరంగం పోటీ ఎందుకు ఆడాలి?

చదరంగం ఇప్పుడు ఫోన్‌లోనే దొరుకుతోంది. మరి ఆదివారం పొద్దున్నే క్లబ్బు పోటీకి వెళ్లడం ఎందుకు? ఆట బాగుపడాలంటే వెళ్లాలి. కారణం పోటీ నియమాల్లోనే ఉంది. అక్కడ పావును ముట్టుకుంటే దాన్నే కదపాలి. గుర్రం మీద వేలు పెట్టాక, అయ్యో, శకటు కదపాల్సింది అనుకుంటే కుదరదు. అందుకే చెయ్యి చాపేముందే ఆలోచించడం అలవాటవుతుంది. నిదానంగా సాగే ఆటల్లో ప్రతి ఎత్తునూ కాగితం మీద రాయాలి. ఆ కాగితమే అసలు సంపాదన. ఎక్కడ పొరపాటు జరిగిందో అది చూపిస్తుంది. ఫోన్ కూడా ఎత్తులు దాచిపెడుతుంది, నిజమే. కానీ వెంటనే మరో ఆట మొదలుపెట్టే తొందరలో వాటిని తిరిగి చూసేదెవరు? క్లబ్బులో అయితే ఆట ముగిశాక ఎదుటి ఆటగాడే, ఈ బంటును ఎందుకు వదిలేశావు అని అడుగుతాడు. అలా అడిగే మనిషి దొరకడం చాలా గొప్ప.

ఓడితే పిల్లలు కుంగిపోతారని తల్లిదండ్రుల భయం. అది కొట్టిపారేయాల్సిన భయమేమీ కాదు. అయితే ఇలాంటి పోటీలు ఎక్కువగా స్విస్ పద్ధతిలో జరుగుతాయి. ఓడినవాళ్లను ఇంటికి పంపరు. తర్వాతి రౌండులో, వీలైనంతవరకు, సమానమైన పాయింట్లున్నవాళ్లతోనే ఆడిస్తారు. అంటే మొదటి ఆట పోయినా తమ స్థాయికి తగిన జోడీ దొరుకుతుంది. అందరూ కోనేరు హంపిలా 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్లు అవుతారా అంటే, కారు. కానక్కర్లేదు కూడా. వీలుంటే ఎత్తులు రాసే పోటీనే ఎంచుకోండి. పిల్లలు తిరిగొచ్చాక గెలుపోటముల కంటే ముందు ఆ కాగితం చూపించమనండి.