పన్నెండు గుంజల ఇల్లు



మన భాష, మన ఆట, మన పండుగ గురించి ఇలాంటి సభల్లో చాలా మాట్లాడుకుంటాం. ఇల్లు గురించి తక్కువ మాట్లాడుకుంటాం. ఈ రోజు దాని గురించే మాట్లాడుకుందాం.

మన్యంలో కొత్త ఇల్లు అనగానే ఇప్పుడు అందరికీ ఒకే బొమ్మ కనిపిస్తోంది. నాలుగు సిమెంటు స్తంభాలు, ఇటుక గోడలు, పైన స్లాబు. కొండ మీదికి ఇసుక, సిమెంటు, ఇనుము మోయించేసరికే సగం డబ్బు అయిపోతుంది. అప్పు చేసి పూర్తి చేస్తాం. ఎండాకాలం పగలంతా తాగిన వేడిని ఆ స్లాబు రాత్రి మన మీద వదులుతుంది. మరోపక్క అరకు, లంబసింగి, మారేడుమిల్లి దారుల్లో పర్యాటకుల కోసం కర్ర కాటేజీలు లేస్తున్నాయి. పేదరికానికి గుర్తని మనం విప్పేసిన ఇంట్లో పడుకోవడానికి వాళ్లు డబ్బు కడుతున్నారు. కర్ర ఇల్లు కట్టే విద్య మన తాతలది. దాన్ని మన చేతుల్లోంచి జారిపోనివ్వాలా, లోపాలు సరిదిద్ది నిలబెట్టుకోవాలా? మనం తేల్చుకోవలసింది ఇదే.

ముందుగా ఒక అపోహ తీసేద్దాం. పక్కా ఇల్లంటే సిమెంటు ఇల్లే అని చాలామంది నమ్మకం. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ నిబంధనల ప్రకారం, మామూలు మరమ్మతులతో ఎండకూ వానకూ తట్టుకుని కనీసం 30 ఏళ్లు నిలిచేది పక్కా ఇల్లు. వంటచోటుతో కలిపి కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలి. కాంట్రాక్టరు కట్టకూడదు, లబ్ధిదారే కట్టుకోవాలి. మంచి కర్రతో, మంచి పనితనంతో కట్టిన ఇల్లు 30 ఏళ్లు నిలుస్తుంది. అయితే పథకం కింద కట్టేవాళ్లు పని మొదలు పెట్టకముందే గృహనిర్మాణ ఇంజనీరుకు కొలతలతో సహా ప్లాను చూపించాలి. గోడ లేచాక అడిగితే బిల్లు దగ్గర తిప్పలు పడతాం.

25 చదరపు మీటర్లంటే దాదాపు 270 చదరపు అడుగులు. పొడవు 18 అడుగులు, వెడల్పు 15 అడుగులు. దీన్ని మన పాత లెక్కలో అంకణాలుగా విడదీద్దాం. పొడవులో 6 అడుగులకొక గుంజ, వెడల్పులో ఏడున్నర అడుగులకొక గుంజ పెడితే నాలుగు గుంజల వరుసలు మూడు వస్తాయి. మొత్తం పన్నెండు గుంజలు, ఆరు అంకణాలు. ముందు రెండు అంకణాలు వసారా. వెనక మూలలో ఒకటి వంటకు. మిగిలిన మూడూ కలిపి ఒక గది. గది మీద అటక వేస్తే ధాన్యం, సామాను పైకి పోతాయి, కింద మనుషులకు చోటు మిగులుతుంది. గుంజల మధ్య దూరం ఎక్కడా ఎనిమిది అడుగులు దాటదు. కాబట్టి భారీ దూలాలు అక్కర్లేదు, పెద్ద చెట్టు నరకనక్కర్లేదు. రేపు కుటుంబం పెరిగితే వెనక మూడు గుంజలు నాటి రెండు అంకణాలు కలుపుకోవచ్చు.

ఇక చోటు. వాలును తొలిచి చదును చేస్తే పైనున్న మట్టి వానకు జారుతుంది, కింద పోసిన మట్టి కుంగుతుంది. ఇంటి పొడవును వాలుకు అడ్డంగా పెట్టాలి. దిగువ వైపు రాతి దిమ్మెలు ఎత్తుగా, ఎగువ వైపు పొట్టిగా కడితే నేలను కదిపే పని తగ్గుతుంది. ఎగువన ఒక కాలువ తీసి వాన నీటిని ఇంటి పక్కనుంచి పంపాలి. వాగు నీరు ఒకప్పుడు పారిన దారిలో, ఇప్పుడు ఎండిపోయి ఉన్నా సరే, ఇల్లు కట్టకూడదు. నీడనిచ్చే చెట్లను ఉంచాలి కానీ, కూలితే ఇంటి మీద పడేంత దగ్గర వద్దు.

కర్ర ఇంటికి శత్రువులు నాలుగు: నీరు, పురుగు, గాలి, నిప్పు.

నీటి సంగతి చూద్దాం. పాత ఇళ్లలో నిట్టాడును నేలలో పాతేవాళ్లు. కర్ర మొదట పుచ్చేది మట్టీ గాలీ కలిసే ఆ చోటే. గుంజను పాతకుండా, అడుగున్నర ఎత్తు రాతి దిమ్మె మీద ఇనుప పట్టీతో బిగించాలి. చూరు గోడ దాటి రెండున్నర అడుగులు బయటికి రావాలి. అప్పుడు వాన జల్లు గోడను తాకదు.

ఇక పురుగు. చెట్టు నడుమ ఉండే చేవకు, పైనుండే తెల్లకర్రకు చాలా తేడా ఉంది. గుంజలకు టేకు, వేగిస వంటి వాటి చేవనే వాడాలి. కాఫీ తోటల్లో నీడకు పెంచిన సిల్వర్ ఓక్ గుంజలకు పనికిరాదు. అటక బల్లలకు, లోపలి పలకలకు వాడుకోవచ్చు. ఏ కర్రనైనా నీడలో, మధ్య మధ్య సందులు వదిలి పేర్చి, బాగా ఆరాకే వాడాలి. పచ్చి కర్ర తర్వాత వంకర పోతుంది, కీళ్లు వదులవుతాయి.

వెదురు విషయంలో ఒక ముఖ్యమైన మార్పు వచ్చింది. మన అమ్మమ్మల కాలంలో పొయ్యి పొగ రోజూ కప్పుకు పట్టి వాసాలను పురుగు నుంచి కాపాడేది. ఇప్పుడు గ్యాసు వచ్చింది. ఊపిరితిత్తులకు మేలే, కానీ వెదురుకు ఆ కాపలా పోయింది. దాని బదులు బోరాక్స్, బోరిక్ ఆమ్లం వాడాలి. 100 లీటర్ల నీటికి మూడు కిలోల బోరాక్స్, రెండు కిలోల బోరిక్ ఆమ్లం కలిపి, కణుపుల లోపలి అడ్డుపొరలకు చిల్లులు పొడిచిన బొంగులను అందులో పది రోజులు నానబెట్టాలి. మూడేళ్లు దాటిన బొంగునే, వానలు వెళ్లాక చలికాలంలో నరకాలి. అప్పుడు పురుగుకు ఇష్టమైన పిండిపదార్థం దానిలో తక్కువగా ఉంటుంది. ఆ మందు నీటికి కరిగిపోతుంది కాబట్టి అలా శుద్ధి చేసిన వెదురును వాన తగిలే చోట వాడకూడదు. తడికలకు, పైకప్పు కింది బద్దలకు సరిపోతుంది.

మూడోది గాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లను ఎలా కూల్చిందో పెద్దలకు గుర్తే. తేలిక ఇంటిని గాలి కిందికి నొక్కదు, పైకి లేపుతుంది. అందుకని కప్పును వాసానికి, వాసాన్ని దూలానికి, దూలాన్ని గుంజకు, గుంజను దిమ్మెకు వరసగా కట్టెయ్యాలి. ఈ గొలుసులో ఒక్క ముడి వదులైనా కప్పు పోతుంది. కుసి, బెజ్జం కలిపిన కీలుకు మేకు ఒక్కటే చాలదు, ఇనుప పట్టీ, బోల్టు కావాలి. నాలుగు మూలలా ఏటవాలుగా ఊతకర్రలు వేస్తే ఇల్లు పక్కకు ఒరగదు.

చివరిది నిప్పు. పూరికప్పు చల్లగా ఉంటుంది కానీ ఒక్క నిప్పురవ్వ చాలు. బెంగుళూరు పెంకు వేయడం మేలు. పొయ్యి ఉన్న అంకణానికి రాయి, మట్టి గోడ కట్టాలి. కరెంటు తీగలను గొట్టాల్లోంచే లాగాలి. మిగతా గోడలకు వెదురు తడిక కట్టి రెండు వైపులా ఎర్రమట్టి, పేడ మెత్తితే చలిలో వెచ్చగా, ఎండలో చల్లగా ఉంటుంది. కిటికీలకు దోమ జాలి తప్పనిసరి. మన్యంలో మలేరియా ఏం చేస్తుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

మరి కర్ర ఎక్కడిది? ఇది జాగ్రత్తగా వినాలి. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో వెదురును చేర్చింది. సంప్రదాయంగా సేకరిస్తున్న వెదురు మీద మనకు హక్కు ఉంది. కలప ఆ జాబితాలో లేదు. 2017లో చేసిన సవరణతో అడవి బయట పెంచిన వెదురు అటవీ చట్టం దృష్టిలో చెట్టు కాదు. పట్టా భూమిలోని టేకు అయినా నరకడానికి, తరలించడానికి అనుమతి కావాలి. గ్రామసభలో తీర్మానం చేయించుకుని, అటవీ శాఖ కాగితం చేతికొచ్చాకే గొడ్డలి ఎత్తాలి. పాత ఇల్లు విప్పితే వచ్చే గుంజలు, తలుపులు పొయ్యిలో పెట్టకండి. ఆ చేవ ఇప్పుడు కొనాలన్నా దొరకదు.

యువతకు మనం అప్పగిస్తున్న పనులు మూడు. మీ ఊరిలో మిగిలిన పాత ఇంటిని ఒకదాన్ని టేపుతో కొలిచి, కాగితం మీద గీసి, ఫోటోలు తీసి ఉంచండి. కర్రపని తెలిసిన తాత ఉంటే ఆయన దగ్గర కీళ్లు కట్టడం నేర్చుకోండి. ఐటీఐలో వడ్రంగం చదివినవాళ్లు ఆ రెండు విద్యలనూ కలపండి. ఇల్లు కట్టే ప్రతి కుటుంబం గుంజకొకటి చొప్పున పన్నెండు మొక్కలు నాటేలా చూడండి. ముప్పై ఏళ్లకు ఇల్లు మరమ్మతు అడిగేనాటికి వాటిలో కొన్నైనా చేవ పట్టి ఉంటాయి.

1/70 చట్టం మన నేలను పరాయి చేతుల్లోకి పోకుండా కాపాడుతోంది. ఆ నేల మీద ఇల్లు ఎలా నిలబెట్టాలో మాత్రం ఏ చట్టమూ నేర్పదు. అది మనం నేర్చుకోవాలి, మన తర్వాతివాళ్లకు నేర్పాలి.

జై ఆదివాసీ!