అడవికి ధర్మకర్తలు కావాలి
(పాఠశాల స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

వన్యప్రాణి సంరక్షణ గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం వాళ్లు అడిగారు. పులి కథలు వినొచ్చని కొందరు ముందు వరుసలోకి వచ్చి కూర్చున్నట్టున్నారు. పులి గురించీ చెబుతాను, కానీ పద్దుల గురించి ఎక్కువ చెబుతాను. ఎందుకంటే నేను అడవిలో పనిచేసినవాణ్ని కాను, బ్యాంకులో పనిచేసినవాణ్ని. రిటైరయ్యాక ఆరేళ్లుగా ఒక చిన్న వన్యప్రాణి సంరక్షణ ట్రస్టులో ట్రస్టీగా ఉన్నాను. జీతం లేదు, బత్తా లేదు. బస్సు ఛార్జీ కూడా నా జేబులోదే.

ట్రస్టీ అనే మాటకు మన ఊళ్లలో ఎప్పటి నుంచో ఒక పేరుంది: ధర్మకర్త. గుడి ధర్మకర్త అంటే ఎవరో మీకు నేను చెప్పక్కర్లేదు. హుండీలో డబ్బు ఆయనది కాదు. మాన్యం ఆయనది కాదు. దేవుడూ ఆయన సొంతం కాదు. కానీ లెక్క తేడా వస్తే ఊరు నిలదీసేది ఆయన్నే. వన్యప్రాణి ట్రస్టులోనూ అంతే. డబ్బు దాతలది, ఆ డబ్బుతో జరగాల్సిన మేలు మూగజీవాలది, సంతకం మాత్రం మాది. ఒక్క తేడా ఉంది. గుడిలో దీపం పెట్టకపోతే భక్తుడు వచ్చి అడుగుతాడు. అడవిలో నీటితొట్టి ఎండిపోతే జింక వచ్చి మా మీటింగులో అడగదు. దాని తరఫున మేమే అడగాలి.

అడగడమే మా పని. ఏడాదికి నాలుగు సార్లు కూర్చుంటాం. ట్రస్టు డీడులో రాసుకున్న ఉద్దేశానికే డబ్బు ఖర్చయిందా అని చూస్తాం. ఆదాయపు పన్ను మినహాయింపు నిలవాలంటే ఆ ఏడాది ఆదాయంలో 85 శాతం ఆ పనులకే వాడాలి, లేదా ఫలానా పనికి అని రాతపూర్వకంగా చెప్పి దాచాలి. ఆడిట్ జరగాలి. విదేశాల్లో ఉన్న మనవాళ్లలో అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు చందా పంపితే అది విదేశీ విరాళాల చట్టం కిందికి వస్తుంది. ఆ అనుమతి లేని ట్రస్టు ఆ డబ్బు ముట్టుకోకూడదు. ఇవన్నీ విసుగు పుట్టించే పనులే. కానీ వీటిలో ఏది తప్పినా మొదట ఆగిపోయేది అడవిలో తిరిగే కాపలావాడి జీతం.

ఒకసారి మా ట్రస్టుకు జీపు అద్దెకు కావలసి వచ్చింది. సాటి ట్రస్టీ ఒకాయన "మా బావమరిది జీపు ఉంది, తక్కువకే ఇస్తాడు" అన్నారు. మంచి మనిషే, మంచి మనసుతోనే అన్నారు. అయినా మూడు చోట్ల ధరలు తెప్పించాం. ఆ అంశం చర్చకు వచ్చినప్పుడు ఆయన బయట కూర్చున్నారు. ఆ సంగతి మినిట్స్ పుస్తకంలో రాశాం. చివరికి ఆ జీపే కుదిరింది, కానీ ఇంకెవరూ వేలు చూపించడానికి లేకుండా కుదిరింది. స్నేహం చెడకుండా లెక్క అడగడం ఈ ఆరేళ్లలో నాకు అలవాటైన విద్య.

ఇక అసలు సంగతికి వస్తాను. ట్రస్టీ అన్నవాడు వేయాల్సిన మొదటి ప్రశ్న "ఎంత ఖర్చవుతుంది" అని మనం అనుకుంటాం. దానికంటే ముందు ఇంకొకటి అడగాలి: ఈ పని బరువు ఎవరి నెత్తిన పడుతుంది? ఇది నేను మన జిల్లా నుంచే నేర్చుకున్నాను.

నందికొట్కూరు దగ్గర రోళ్లపాడు మీలో చాలామందికి తెలుసు. అక్కడి గడ్డి బీళ్లలో బట్టమేక పిట్ట ఉండేది. ఎగరగల పక్షుల్లో బాగా బరువైన వాటిలో అది ఒకటి, మగది పదిహేను కిలోల దాకా తూగుతుంది. నేల మీదే గుడ్డు పెడుతుంది, అదీ సాధారణంగా ఒక్కటే. 1980ల్లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు అక్కడ మకాం వేసి దాన్ని గమనించారు. 1988లో 614 హెక్టార్లను అభయారణ్యంగా ప్రకటించారు. రక్షణ దొరికిన కొత్తలో పిట్టలు పెరిగాయి కూడా. వాటితోపాటు కృష్ణజింకలు కూడా పెరిగాయి. గుప్పెడుగా ఉన్నవి వందల్లోకి వచ్చాయి. జింకకు అభయారణ్యం హద్దు రాయి తెలియదు కదా. చుట్టూ ఉన్న చేలల్లో పడ్డాయి. పిట్ట రైతుకు చేసిన నష్టమేమీ లేదు, మిడతల్ని తిని మేలే చేసింది. కానీ పిట్ట పేరు మీద వచ్చిన అభయారణ్యం వల్లే పంట పోతోందని రైతుకు అనిపించింది. కోపం పిట్ట మీదికి మళ్లింది. అటు బీళ్లు సాగులోకి వచ్చాయి, పంటల తీరు మారింది. ఇప్పుడు రోళ్లపాడులో బట్టమేక పిట్ట కనపడడం గగనమైపోయింది. దేశం మొత్తం మీద అడవిలో మిగిలినవి నూట యాభై లోపే అంటున్నారు, అవీ ఎక్కువగా రాజస్థాన్‌లో.

మా ట్రస్టు పనిమీద జింకలు తిరిగే ఒక పల్లెకు వెళ్లినప్పుడు ఒక రైతు నన్ను అడిగాడు: "సారూ, జింకలకు మీరు కాపలా పెడ్తిరి. మా శనగచేనికి ఎవురు కాపలా?" ఆ మాటలో వెటకారం లేదు. రాత్రంతా చేలో మంచె మీద కూర్చుని వచ్చిన మనిషి అడిగిన మామూలు ప్రశ్న అది.

ఆ తర్వాతి మీటింగులో ఒక దాత ప్రతిపాదన మా ముందుకు వచ్చింది. తన పేరుతో ఒక వాచ్‌టవరు, రోడ్డు పక్కన పెద్ద బోర్డులు కట్టించాలని ఆయన కోరిక. మొత్తం మాకు పెద్దదే. మేము ఆ డబ్బుతో రెండు పనులు చేద్దామని అడిగాం. చేలల్లో ఒర లేని దిగుడు బావుల చుట్టూ పిట్టగోడలు కట్టడం ఒకటి. రాత్రిపూట జింకలు, నక్కలు, ఒక్కోసారి చిరుతలు అందులో పడతాయి, పశువులూ పడతాయి, మనుషులూ పడతారు. గోడ కడితే అందరికీ మేలు. రెండోది, పంట నష్టపోయిన రైతుకు ఫొటోలు తీసి, కాగితాలు జతచేసి, దరఖాస్తు గడువులోగా పెట్టించే ఒక కుర్రవాణ్ని నియమించడం. దాతకు నచ్చలేదు. ఆ ఏడాది ఆ డబ్బు రాలేదు. మా ట్రస్టీల్లో ఇద్దరు చాలా బాధపడ్డారు, వాళ్ల బాధలో న్యాయముంది. బడ్జెట్ తగ్గించుకున్నాం, చిన్న చిన్న చందాలతో మొదట కొన్ని బావులకే గోడలు కట్టాం. కానీ ఇప్పుడు ఆ పల్లెకు వెళితే మాకు అరుగు మీద చోటు దొరుకుతుంది. అడవి పక్కన పనిచేసే ట్రస్టుకు అదే మూలధనం అని నా నమ్మకం.

ఊరిని కలుపుకుంటే ఏం జరుగుతుందో చెప్పడానికి కడప జిల్లా కలివికోడి కథ ఉంది. 1848లో శాస్త్రలోకానికి తెలిసి, 1900 తర్వాత ఎవరికీ కనపడక, ఇక లేదనుకున్న పక్షి అది. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర లంకమల అంచున మళ్లీ దొరికింది. వెతికింది బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్త భరత్ భూషణ్. కానీ రాత్రి టార్చి వెలుగులో దాన్ని పట్టి తెచ్చింది ఐతన్న అనే పల్లెమనిషి. పుస్తకాల్లో లేదని రాసుకున్న పక్షికి అక్కడి జనం నోట తెలుగు పేరు ఉంది. తర్వాత మన ఆళ్లగడ్డ వైపు నుంచి పోయే తెలుగుగంగ కాలువే ఆ పక్షి ఉండే పొదల్లోంచి పోవాల్సి వచ్చినప్పుడు, పరిశోధకులు ఆధారాలు పట్టుకుని వెంటపడ్డారు, చివరికి కాలువ దారి మార్చారు. రైతుకు నీళ్లూ ఆగలేదు, పొదలూ మిగిలాయి. అలాంటి ఫలితం నినాదాలతో రాదు. తేదీలు వేసిన కాగితాలు, సర్వే పటాలు, ఓపిక ఉన్న మనుషులు కావాలి.

ఇప్పుడు పులి. మన ఊరి పేరే ఉన్న కొత్తపల్లె మండలం ఆత్మకూరు వైపు ఉంది. అక్కడి పెద్ద గుమ్మడాపురంలో 2023 మార్చిలో నాలుగు పులికూనలు ఊరి అంచున దొరికాయి. తల్లి కనపడలేదు. ఊరివాళ్లు కుక్కల బారిన పడకుండా వాటిని ఒక గదిలో పెట్టి అటవీశాఖకు కబురు చేశారు. తల్లితో కలపడానికి సిబ్బంది రోజుల తరబడి నల్లమలలో గాలించారు, కుదరక చివరికి తిరుపతి జూకు తరలించారు. పులి పిల్లల్ని చూసి ఆ ఊరు కర్ర ఎత్తలేదు, తలుపు వేసి కాపాడింది. అంతకుముందు ఏడాది లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో పులులు 63. 2018లో 48. ఆ పెరుగుదలలో అటవీ సిబ్బంది కష్టం ఉంది, బేస్ క్యాంపుల్లో రాత్రింబవళ్లు తిరిగే చెంచు యువకుల కాళ్ల నొప్పులు ఉన్నాయి, గుమ్మడాపురం లాంటి ఊళ్ల ఓర్పూ ఉంది. పులులు పెరిగేకొద్దీ ఆ ఓర్పుకు పరీక్ష పెరుగుతుంది. మేక పోయినవాడికి పరిహారం ఆలస్యమైతే, రేపు అదే తలుపు తెరుచుకోకపోవచ్చు.

మనకు ఇది కొత్త పాఠమేమీ కాదు. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడాడని చెప్పుకుంటాం. ఏటా కనుమ నాడు మొదలై నలభై రోజులకు పైగా పారువేట పల్లకి చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతుంది. తన ఉత్సవానికి రమ్మని దేవుడే గడప గడపకూ వచ్చి పిలుస్తాడు. దేవుడే కొండ దిగి పిలుపులకు వస్తుంటే, అడవి పేరుతో ట్రస్టు పెట్టుకున్నవాళ్లు ఏసీ గదిలో కూర్చుని ఊరివాళ్లు మాట వినడం లేదంటే ఎలా?

ఈ సభలో నాకు కనపడుతున్నవాళ్లలో ఆడిటర్లు ఉన్నారు, వకీళ్లు ఉన్నారు, పశువుల డాక్టర్లు, ఇంజనీర్లు, టీచర్లు, మంచి రైతులు ఉన్నారు. చందా ఇవ్వండి, కాదనను. కానీ ఇలాంటి సంస్థలకు డబ్బుకన్నా కొరతగా ఉన్నది ఓపికతో ప్రశ్న అడిగే మనిషి. జంతువుల పేర్లు తెలియకపోయినా ఫరవాలేదు, నాకు చాలావరకు ఇప్పటికీ తెలియవు. నెలకు ఒకట్రెండు రోజులు కేటాయించగలిగితే చాలు.

ఎవరైనా మిమ్మల్ని ట్రస్టీగా ఉండమంటే, పేరు వస్తుందని వెంటనే ఒప్పుకోకండి. ముందు ట్రస్టు డీడు చదవండి. మూడేళ్ల ఆడిట్ లెక్కలు అడగండి. మినిట్స్ పుస్తకం చూడండి. ప్రతి తీర్మానానికీ అందరూ సరేనన్నట్టే రాసి ఉంటే ఎవరూ చర్చించలేదని అర్థం. కాపలావాళ్లకు జీతం ఏ తేదీన పడుతుందో వాళ్లనే అడగండి, ఆఫీసును కాదు. చివరగా ఆ సంస్థ పనిచేసే ఊరికి ఒక్కరే వెళ్లి టీ కొట్టు దగ్గర కూర్చోండి. అక్కడ వినేది ఏ వార్షిక నివేదికలోనూ ఉండదు.

మన గురువులు మా కాపీ పుస్తకాల్లో జవాబుతోపాటు లెక్క చేసిన తీరు కూడా చూసేవాళ్లు. దారి చూపకుండా జవాబు రాస్తే సగం మార్కులే వేసేవాళ్లు. ట్రస్టీ పని ఆ చూపే తప్ప వేరేమీ కాదు. అందుకే ఈ బడిలో చదివినవాళ్లకు ఈ పని చేతవుతుందని ధైర్యంగా చెబుతున్నాను.

వచ్చే మార్చితో మా ట్రస్టులో నా పదవీకాలం ముగుస్తుంది. నా కుర్చీలోకి నల్లమల అంచు ఊళ్లలో పుట్టినవాళ్లు, వీలైతే ఒక మహిళ, వస్తే బాగుంటుందని మా వాళ్లకు చెప్పాను. భోజనాల దగ్గర నేను వెనక బంతిలో ఉంటాను. ఆసక్తి ఉన్నవాళ్లు వచ్చి పక్కన కూర్చోండి. ఆడిట్ లెక్కల కాపీ సంచిలోనే తెచ్చాను.