పాత గుమ్మానికి కొత్త కొయ్య

కోలార్ బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. చిత్తూరు వైపు నుంచి పనికి వచ్చిన తెలుగు కుటుంబాల వారసులు ఇంకా అక్కడ ఉన్నారు. ఆనాటి ఇళ్లూ ఉన్నాయి.

అలాంటి పాత ఇంట్లో ద్వారబంధం అడుగున పుచ్చిందనుకోండి. మొత్తం పీకేయాలా? అక్కర్లేదు. ఉలితో గుచ్చి చూడాలి. మెత్తగా దిగినంత మేరే పుచ్చు. గట్టి కొయ్య తగిలాక ఇంకాస్త పైకి కోసి, అక్కడ కొత్త ముక్క అతికితే చాలు.

అసలు చిక్కు కొలతది. పాత కొయ్య అంగుళాల లెక్కలో కోసింది. కలప డిపోలో అదే కొలత అడిగి కొత్తది తెస్తారు. చిత్రిక పట్టేసరికి అది సన్నబడుతుంది! అందుకే కొంచెం లావుది తెచ్చి, పాతదానికి సరిపోయేలా చిత్రిక పట్టించాలి. కొలవాల్సింది పాతదాన్నే, అదీ రెండు మూడు చోట్ల. ఎందుకంటే పాత కొయ్య అంతటా ఒకే మందం ఉండదు.

అతుకు ఏటవాలుగా ఉండాలి. వాలు బయటికి దిగితే వాననీరు అందులో నిలవదు. తడికి ఓర్చే జిగురు, తుప్పు పట్టని స్క్రూలు వాడాలి.

బిగించే ముందే కొత్త కొయ్య అడుగు కొసకు రంగు బాగా పట్టించాలి. తడి మొదట పీల్చేది ఆ కొసే. బిగించాక అక్కడికి బ్రష్ చేరదు.