యంత్రము – మనిషి – మన పని
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో మాట్లాడమని కార్యదర్శిగారు కబురు పంపినప్పుడు నేను వెంటనే ఒప్పుకోలేదు. నేను మెట్రిక్కుతో చదువు ఆపి రైల్వేలో చేరినవాడను. రిజర్వేషను కౌంటరులో గుమాస్తాను. సభలలో ఉపన్యసించే పాండిత్యము నాకు లేదు. ఆ మాటే చెప్పితే, "పాండిత్యము మాకు వేరే చోట దొరుకుతుంది, నీకు తెలిసినది చెప్పు చాలు" అన్నారు. నాకు తెలిసినవి రెండే. ఒకటి నా కౌంటరు, రెండవది మా బావమరిది. ఆ రెంటిని గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను.

మా బావమరిది బెంగుళూరులో వెబ్‌సైట్లు తయారుచేసే ఉద్యోగము చేస్తున్నాడు. మొన్న సంక్రాంతికి వచ్చి మా క్వార్టరులో నాలుగు రోజులున్నాడు. రాత్రి భోజనాలైన తరువాత మెట్ల మీద కూర్చున్నాము. "బావా, మా బోటివాళ్ళ వల్లనే నీ కిటికీ ముందు క్యూ తగ్గిపోయింది. నా మీద కోపము లేదా?" అన్నాడు నవ్వుతూ.

"కోపమెందుకురా? మా పనిలోకి మొదటి యంత్రాన్ని తెచ్చినవాడు కూడా రైల్వే ఉద్యోగే" అన్నాను.

నిజమే. 1830 తరువాతి కాలములో ఇంగ్లండులో థామస్ ఎడ్మండ్‌సన్ అనే ఆయన ఉండేవాడు. కొయ్యపని వ్యాపారములో దివాలా తీసి ఒక చిన్న స్టేషనులో స్టేషను మాస్టరుగా చేరాడు. అప్పటిలో ప్రతి టిక్కెట్టూ చేతితో వ్రాసి ఇచ్చేవారు. కాలయాపన ఒక బాధ, లెక్క తేలకపోవడము మరొక బాధ. ఆయన అట్టముక్క మీద వరుస నెంబరు వేసి, తేదీ కొట్టే చిన్న యంత్రాన్ని తయారుచేశాడు. ఆ అట్ట టిక్కెట్టే మన దేశములోనూ తరతరాలు నడిచింది. తేదీ కొట్టేటప్పుడు ఆ యంత్రము చేసే "టక్కు"మనే చప్పుడు ఇక్కడున్న పెద్దలందరికీ జ్ఞాపకముంటుంది.

మా నాన్నగారు చెప్పేవారు – ఆ రోజులలో రిజర్వేషనంటే పెద్ద పెద్ద పుస్తకములు. మద్రాసు నుండి తిరుగు ప్రయాణానికి బెర్తు కావాలంటే తంతి పంపి జవాబు కొఱకు కాచుకోవలసిందే. 1985-86లో ఢిల్లీలో రిజర్వేషనుకు కంప్యూటర్లు వచ్చాయి. 1999 నాటికి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికిందరాబాదు కేంద్రములు ఒకదానితో ఒకటి కలిసి, ఏ ఊరినుండి ఏ ఊరికైనా టిక్కెట్టు ఇవ్వడము సాధ్యమైంది. 2002లో ఇంటర్నెట్టు మీద అమ్మకము మొదలైంది. మొదట కాగితపు టిక్కెట్టును కొరియరులో ఇంటికి పంపేవారు. 2005 నుండి ఆ కొరియరు కూడా అక్కరలేకపోయింది. ఈనాడు రిజర్వేషను టిక్కెట్లలో ఎక్కువ భాగము ఇంటర్నెట్టు మీదనే పోతున్నాయి. దీనిలో ప్రజలకు జరిగిన మేలును కాదనడము అన్యాయము. తెల్లవారుజామున చలిలో వచ్చి క్యూలో ఇటుక పెట్టి కూర్చునే అవస్థ చాలామందికి తప్పింది.

తన పని ఎలాటిదో చెప్పమని అడిగితే, మా బావమరిది నాకు తెలిసిన భాషలోనే చెప్పాడు. "బావా, మీకు బ్రాడ్ గేజీ, మీటరు గేజీ బాధ తెలుసు కదా! గేజి మారిన చోట మనిషి దిగాలి, మూట దింపాలి, మరొక బండి ఎక్కించాలి. వెబ్ అనేది ప్రపంచమంతటికీ ఒకే గేజి" అన్నాడు. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనాలయములో టిమ్ బెర్నర్స్-లీ అనే ఆయన 1989లో దీనిని ప్రతిపాదించాడు. 1993 ఏప్రిల్ 30న ఆ సంస్థ, ఎవరైనా రుసుము లేకుండా దీనిని వాడుకోవచ్చునని ప్రకటించింది. ఆ పట్టాలకు సుంకము పెట్టి ఉంటే, మన ఊరి పిల్లవాడు బెంగుళూరులో కూర్చుని ఆ పని చేయగలిగేవాడా అని మా బావమరిది ప్రశ్న.

అయితే ఒకే గేజీ వల్ల ఒక చిక్కు కూడా ఉన్నది. ఒకచోట పట్టా ఊడితే అన్ని బండ్లూ ఆగుతాయి. 2016 మార్చిలో ఒక ప్రోగ్రామరు, పేరు విషయమై వచ్చిన తగాదాలో, తాను ఉచితముగా ఇచ్చిన చిన్న ప్రోగ్రామును వెనక్కు తీసుకున్నాడు. పదకొండు పంక్తులు మాత్రమే! దాని మీద ఆధారపడిన వేలకొలది ప్రోగ్రాములు ఒక్కసారిగా నిలిచిపోయాయి. ఫిష్ ప్లేటు ఎంత? రైలెంత? మన గ్యాంగుమనుషులకు వేరే చెప్పనక్కరలేదు. 2024 జూలై 19న ఒక రక్షణ ప్రోగ్రాములోని పొరపాటు వల్ల ప్రపంచములో సుమారు 85 లక్షల కంప్యూటర్లు పడిపోయాయి. విమానములు ఆగిపోయాయి. హైదరాబాదు నుండి కలకత్తా వెళ్ళే ప్రయాణికునికి చేతితో వ్రాసిన బోర్డింగు పాసు ఇచ్చారు. ఎడ్మండ్‌సనుకు ముందటి కాలము ఒక పూట తిరిగి వచ్చిందన్నమాట! ఆ పూట కలము పట్టి వ్రాయగల గుమాస్తా ఉన్నాడు గనుకనే ఆ ప్రయాణము సాగింది.

ఇక ప్రపంచ వ్యవహారముల సంగతి. మన తాతలు శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల నుండి రైలు పట్టా పని మీద ఈ ఒడిశాకు వచ్చారు. రావడానికి ఎవరి అనుమతీ కావలసి రాలేదు. ఈనాటి మన పిల్లల కూలి సముద్రములు దాటి వస్తున్నది. 2025 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వము కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుమని ప్రకటించినప్పుడు, ఆ రాత్రి మా బావమరిది స్నేహితులలో నిద్రపోయినవారు తక్కువట. ఎక్కడో ఒక పెద్దమనిషి సంతకము చేస్తే ఇక్కడ పెళ్ళి ముహూర్తములు వాయిదా పడుతున్నాయి. దీనికి తోడు 2022 నవంబరు తరువాత, మనము మామూలు మాటలలో అడిగితే ప్రోగ్రాము వ్రాసిపెట్టే కృత్రిమ మేధస్సు యంత్రములు వచ్చాయి. "నీ క్యూను నేను తగ్గించాను బావా, నా క్యూను అది తగ్గిస్తున్నది" అన్నాడు. ఈసారి నవ్వలేదు.

అప్పుడు నేనతనికి ఒక సంగతి చెప్పాను. అదే మీకూ చెప్పదలచుకున్నాను.

ఒక సాయంత్రము మన తెలుగు ముసలమ్మ ఒకామె నా కిటికీ దగ్గరకు వచ్చింది. విశాఖపట్నములో కూతురికి పురుడు. రాత్రి బండికి టిక్కెట్టున్నదని ఫోను చూపించింది. మనుమడెవరో తీసి పంపాడు. చూస్తే అది వెయిటింగు లిస్టు టిక్కెట్టు. చార్టు తయారయింది, బెర్తు రాలేదు, నియమము ప్రకారము టిక్కెట్టు తనంతట తానే రద్దయింది. ఆ సంగతి ఫోనులో ఇంగ్లీషులో వచ్చే ఉన్నది. ఆమెకు చదువు రాదు. "నెంబరుంది కదా బాబూ, అది బెర్తు నెంబరు కాదా?" అన్నది. చేతిలో పసిపిల్లకు కుట్టిన గుడ్డల మూట. యంత్రము తప్పు చేయలేదు. నియమమూ తప్పు కాదు. డబ్బు కూడా ఖాతాకు తిరిగి వస్తుంది. కాని ఆమె మాత్రము ప్లాటుఫారము మీద నిలబడిపోయింది.

నేను చేసినది పెద్ద పనేమీ కాదు. తరువాతి బండికి మామూలు టిక్కెట్టు ఎక్కడ కొనాలో చెప్పి, బండి పేరు, వేళ, ప్లాటుఫారము ఒక చీటీ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో వ్రాసి ఇచ్చాను. తెలుగు చదవగలిగిన పోర్టరు ఒకడు ఆమెను ఎక్కించి వచ్చాడు.

ఇది విని మా బావమరిది చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ తెరలు తయారుచేసేవాళ్ళము ఆమెను ఎన్నడూ చూడలేదు బావా" అన్నాడు. తానొకసారి ఒక వెబ్‌సైటుకు తెలుగు కూడా పెడదామని పైవారిని అడిగితే, "తెలుగు ఎంచుకునేవారు బహు తక్కువ" అని తోసివేశారట. వారి మాటలోనూ కొంత నిజమున్నది. మనము వాడము గనుక వారు పెట్టరు, వారు పెట్టరు గనుక మనము వాడము.

ఈ సందర్భములో ఒక నిజమైన కథ చెప్పాలి. ప్రపంచ భాషల లిపులన్నింటికీ అంకెలు కేటాయించే యూనికోడులో మన తెలుగుకు 1991లో, మొదటి కూర్పులోనే, 128 స్థానములు ఇచ్చారు. కనుక మనకు చోటు లేదనడానికి వీలు లేదు. అయినా 2018 ఫిబ్రవరిలో ఏమి జరిగింది? ఒక విధముగా కూర్చిన "జ్ఞా" అనే అక్షరము తెర మీద పడగానే ఆపిల్ కంపెనీ ఐఫోనులలో ప్రోగ్రాములు కుప్పకూలాయి. జ్ఞానములోని మొదటి అక్షరమే! కొద్ది రోజులలో కంపెనీవారు సవరించారు. ఆ అక్షరమును అన్ని విధముల వ్రాసి చూసినవారు ముందే ఉంటే ఆ లోపము ముందే పట్టుబడేది కాదా?

కనుక నా మనవి ఇది. మన సంఘము హాలులో ప్రతి ఆదివారము సాయంత్రము ఒక గంటసేపు ఒక బల్ల వేద్దాము. చదువుకుంటున్న మన కుర్రవాళ్ళు ఇద్దరు అక్కడ కూర్చుంటారు. పెన్షను కాగితమైనా, బ్యాంకు కబురైనా, రైలు టిక్కెట్టైనా పెద్దలు తెచ్చి చూపించుకోవచ్చు. ఓ.టి.పి. అంకెలు ఎవరడిగినా చెప్పరాదనే సంగతి కూడా అక్కడే నేర్పవచ్చు. ప్రతిఫలముగా ఆ పెద్దలు ఆ పిల్లలకు తెలుగు అక్షరములు దిద్దించాలి. ఒడియా బడిలో, ఇంగ్లీషు బడిలో చదివే మన పిల్లలు తెలుగు మాట్లాడుతున్నారే గాని వ్రాయలేకపోతున్నారు. ఫోనులోనైనా సరే, తెలుగులో వ్రాయడము వారికి రావాలి. నా రెస్టు రోజు ఆదివారము పడినప్పుడల్లా నేను వస్తాను. మా బావమరిది సెలవులకు వచ్చినప్పుడు అతడూ కూర్చుంటానన్నాడు.

రేపు నా కిటికీ మూతపడవచ్చు, అతని ఉద్యోగము మారవచ్చు. ఆ భయము మా ఇద్దరికీ ఉన్నది, దాచుకోవడమెందుకు? కాని నెంబరు చూపించి "ఇది బెర్తు కాదా బాబూ?" అని అడిగే మనిషి ఉన్నంతవరకు, జవాబు చెప్పే మనిషి అవసరము తీరదు. ఆ పని జీతమిచ్చి చేయించేవారు లేకపోతే, మనలో మనము చేసుకోవాలి.

2026 ఉగాదితో వచ్చిన ఈ సంవత్సరము పేరు పరాభవ. 1966లోనూ ఇదే పేరుతో ఉగాది వచ్చింది. ఆనాటి మన పెద్దలు పేరుకు భయపడక పచ్చడి తిని మరునాడు డ్యూటీకి పోయారు. మనమూ అంతే. వచ్చే ఆదివారము బల్ల నేను వేసి ఉంచుతాను. దయచేసి రండి.